ఎదురుగాలి లెక్క

వార్సా నుంచి లిస్బన్‌కి
రెండువేల ఏడువందల యాభై కిలోమీటర్లు, అటూ ఇటూగ.
నాలుగు గంటల పది నిమిషాలు.

రాయదుర్గంల తొమ్మిదో అంతస్తు మీద
రాత్రి రెండున్నరకి నేనీ మాట చెప్తే
అక్కడొక ముసలామె పెన్సిల్‌తోటి రాసుకుంటది.
కాయితం మీద గీసుకపోయే చప్పుడు
హెడ్‌ఫోన్ల నాకు వినపడతది.
నాకు బుధవారం వచ్చేసింది,
ఆమెకింక మంగళవారమే.

ప్రతి మంగళవారం చేస్తది.
టికెట్ మాత్రం కొనది.
"మరి తిరిగి రానీకి?"
మూడు గంటల యాభై.
"దూరం తగ్గిందా?"
లేదమ్మా, గాలి.
పైన గాలి పడమటి నుంచి వీస్తది.
పోయేటప్పుడు మీ మొఖం మీద కొడతది,
వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తది.

ఇది ట్రైనింగ్‌ల చెప్పలే నాకు.
రసూల్‌పురాల నేర్చుకున్న.

రన్‌వే గోడకి ఇవతల మా రేకుల ఇల్లు.
గాలి పడమరకి తిరిగితే మా నెత్తి మీంచి దిగేవి,
తూర్పుకి తిరిగితే మా నెత్తి మీంచే ఎక్కేవి.
ఎట్ల తిరిగినా మా నెత్తే.
అల్మారాల స్టీలు గిన్నెలు
ఒకదాన్నొకటి గుద్దుకొని నవ్వుతుండె.
మా ఇంట్ల గడియారం లేదు, అక్కర పడలే.
"బొంబాయిది పోయింది, అన్నం దించు సువార్తా."
"మద్రాసుది దిగింది, ఇమ్మానియేలును లేపు."
ఢిల్లీది లేటైతే
మా బస్తీ అంతా చాయ్‌కి లేటు.

దాబా ఎక్కి మక్బూల్ చిచ్చా భుజాల మీద నిలబడితే
చక్రం అందుతదనుకునేదాన్ని.
బొంబాయి ఎంత దూరమో అందరికీ తెలుసు.
మా గోడకాడ నుంచి ఆ కిటికీ కాడికి ఎంతో
ఒక్కరు చెప్పలే.

రెండువేల ఎనిమిది మార్చిల
ఒక్క రాత్రిల ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కి పోయింది.
తెల్లారి బస్తీల ఎవ్వరికీ మెలకువ రాలే.
అన్నాలు మాడినయ్.
పిల్లలు బడి గేటు బయట నిలబడ్డరు.
గిన్నెలు పెట్టినకాడనే ఉన్నయ్,
మా అమ్మ వాటిని రెండుమూడు సార్లు
ఉత్తగనే కదిపి పెట్టింది.

మొన్న మంగళవారం ఆమె అడిగింది:
"ఇంతకీ మీరెక్కడుంటరు?"
ఊరు పేరు చెప్పొద్దని రూలు.
దగ్గర్లనే, అన్న.
నవ్వింది. దగ్గింది. ఆగింది.
అప్పుడు చెప్పింది:
"నేను రోజూ వంటింట్ల కుర్చీ వేసుకుంట.
నాలుగు గంటల పది నిమిషాలు.
లెవ్వను, రేడియో పెట్టను,
మోకాళ్లు ఆగుతయో లేదో చూస్తున్న.
నిన్న మూడు గంటల నలభై దాకా పోయిన."

లిస్బన్‌ల ఎవరున్నరని అడగబుద్ధైంది.
నా స్క్రీన్ మీద ఆ గడి లేదు.
వెజ్జా నాన్‌వెజ్జా ఉంది,
వీల్‌చెయిర్ ఉంది,
కిటికీయా నడవనా ఉంది.
"కిటికీ రాసుకోండి" అన్నది ఆమె,
"టికెట్ కాదు, ఊరికె."
రాసుకున్న. సేవ్ కాలే.

నాలుగున్నరకి క్యాబ్.
రాయదుర్గం నుంచి రసూల్‌పురా పదిహేను కిలోమీటర్లు.
ఈ వేళల అరగంట,
పొద్దున తొమ్మిదికైతే గంటన్నర.
దూరం అదే. ఎదురుగాలి లేదు,
ఎదురు బస్సులు, ఎదురు బరాత్‌లు,
ఎదురు ఎవరో ఒకరి కాన్వాయ్.
డ్రైవర్ నర్సింగ్‌ని ఎంతసేపంటే
"గంట అనుకోండ్రి, ముందుగాల వస్తే లాభం" అంటడు.
అట్ల చెప్పే ధైర్యం
మా కంపెనీల ఎవ్వరికీ లేదు.

ఇంటికొచ్చి
ప్లాస్టిక్ కుర్చీ గుంజి గోడకానిచ్చి
చెప్పులతోటే కూర్చున్న.
ఎదురుంగ గిన్నెల అల్మారా.
మొదటి గంట కాళ్లు గుంజినయ్.
రెండో గంట పాలాయన వచ్చి పోయిండు, కిటికీలకెళ్లి చూసిన,
చిన్నగ కనపడ్డడు.
మూడో గంటల ఎక్కడున్ననో తెల్వది.
భుజం మీద అమ్మ చెయ్యి పడ్డది:

"ఏందే ఈ కూర్చునుడు, లెవ్వు, అన్నం తిందువు."

ఆగమ్మా,
ఇంక దిగలే.